రెడ్డెమ్మ సర్దిన సంచి

మంగళవారం ఉదయం రెడ్డెమ్మ అనుకున్న పనులు మూడే. ఇంటి పిల్ల దలాల్‌కు సంచి సర్దడం, ఆమె తల్లికి, పనివాళ్లు మామా అని పిలిచే యజమానురాలికి, ఏలకుల టీ ఇవ్వడం, మధ్యాహ్నానికి చేపల అన్నం వండడం. మూడింటిలో మొదటిదే కష్టమని ఆమెకు తెలుసు. అందుకే రోజూకంటే ముందే లేచి స్నానం చేసి, బొట్టు దిద్దుకుని, పరీక్షకు కూర్చోబోయేదానిలా హాల్లోకి వచ్చి నిలబడింది.

హాలు మధ్యలో నల్లటి రబ్బరు సంచి నోరు తెరుచుకుని ఉంది. ఎంత వాన కురిసినా లోపలికి చుక్క దిగని సంచి అది. దాని పక్కన మోటార్‌సైకిల్‌కు అటొకటీ ఇటొకటీ తగిలించే అల్యూమినియం పెట్టెలు రెండు. చుట్టూ పంక్చరు వేసుకునే సరంజామా, వాన కోటు, మడత డేరా, అరచెయ్యంత పొయ్యి, చేతి తొడుగులు మూడు జతలు. వీటన్నిటి మధ్యా వంటింటి తక్కెడ పెట్టుకుని దలాల్ కూర్చుంది. రెడ్డెమ్మ పిండి తూచుకునే ఆ తక్కెడ మీద ఇప్పుడు ఒక జత మేజోళ్లు ఉన్నాయి.

దలాల్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. కువైట్‌లో, జాబ్రియాలోని ఆ ఇంటికి రెడ్డెమ్మ పనికి వచ్చేనాటికి ఐదేళ్ల పిల్ల. తల్లి అరబ్బీ నేర్పింది. బడి ఇంగ్లీషు నేర్పింది. మిగిలిన పొద్దంతా వంటింట్లో రెడ్డెమ్మ పైట పట్టుకుని తిరిగింది కాబట్టి రాయచోటి తెలుగు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. తల్లికి తెలియకుండా మాట్లాడుకోవలసినవన్నీ ఇద్దరూ ఆ భాషలోనే మాట్లాడుకుంటారు. అలాంటివి ఈ ఏడాది బాగా పెరిగాయి. ఎందుకంటే దలాల్ ఇస్తాంబుల్‌లో మొదలుపెట్టి, దేశాలన్నీ దాటుకుంటూ నార్వే కొస దాకా మోటార్‌సైకిల్ మీద ఒక్కతే పోయి రావాలని నిశ్చయించుకుంది. వీసా తొంభై రోజులకు వచ్చింది. బండి గురువారం కార్గో విమానమెక్కుతుంది. సంచీ పెట్టెలూ దానితోనే పోతాయి. దలాల్ ఏప్రిల్ ఇరవై ఎనిమిదో తేదీన వెనకాలే వెళుతుంది.

రెడ్డెమ్మ సంచి ముందు కూర్చుని మొదట పళ్లు తోముకునే బ్రష్షు చేతిలోకి తీసుకుంది. దానికి పిడి సగమే ఉంది.

"బ్రష్షు ఎవురు ఇరిచినారు మే?"

"నేనే కోసినా. బరువు తగ్గాల గదా."

"ఎంత తగ్గింది?"

"ఆరు గ్రాములు. తూచినా."

"అంత బరువైతే పండ్లు గూడా ఈడ్నే పెట్టి పో."

దలాల్ నవ్వింది. రెడ్డెమ్మ నవ్వలేదు. బట్టలను చుట్టలు చుట్టి ఒక్కొక్కటే సంచిలోకి దించసాగింది. దలాల్ లేచి ఫోను మాట్లాడటానికి అటు వెళ్లగానే, వంటింట్లోంచి చిన్న కుక్కరూ గోంగూర పచ్చడి సీసా తెచ్చి బట్టల కింద పెట్టింది. దలాల్ వచ్చి సంచి ఎత్తి చూసి ఆ రెండూ బయటికి తీసి గోడవారగా పెట్టింది. కారప్పొడి పొట్లం మాత్రం ఆమెకు కనబడలేదు. అది చలికి వేసుకునే తొడుగుల్లో కుడిచేతిదానిలో, చిటికెన వేలు దాకా దిగి ఉంది.

సంచి నిండుతున్నకొద్దీ రెడ్డెమ్మ చేతులు నెమ్మదించాయి. తన చేతులతో ఆమె ఇంతకుముందు ఇద్దరికి సంచి సర్దింది. మొదటిది మొగుడు పెంచలయ్యకు. గొర్రెలు కాసే పనికి సౌదీ పోతూ రెండేళ్లన్నాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి. మూడోది రాలేదు. రెండోది ఈ ఇంటి యజమానికి. తొమ్మిదేళ్ల కిందట లండన్ ఆసుపత్రికి పోతూ ఆయన, "రెడ్డెమ్మా, నా దుప్పటి పెట్టావా?" అని అడిగి మరీ వెళ్లాడు. దుప్పటి తిరిగి వచ్చింది. ఆయన పెట్టెలో వచ్చాడు. ఆ పెట్టెను ఆమె తిరిగి రావడంగా లెక్కపెట్టలేదు.

"ఒక్క మాట చెప్పు," అంది సంచి తాడు బిగిస్తూ. "దావలో బండి ఆగిపోతే?"

"బాగు చేసుకుంటా."

"నువ్వే ఆగిపోతే?"

దలాల్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఏం గాదు మే. తొంభై దినాలు. కండ్లు మూసి తెరిచేలోపల వచ్చేస్తా."

తెలుగు నేర్పినదాన్నే ఈడుదాన్ని పిలిచినట్టు మే అనే పిల్ల. రెడ్డెమ్మ ఆ చేతిని తీసేయలేదు, పట్టుకోలేదు.

మధ్యాహ్నం చెత్త బయట పెట్టడానికి వెళ్లినప్పుడు పక్కింటి గేటు దగ్గర జైతున్‌బీ కనిపించింది. ఆమెదీ రాయచోటే. ఆమెదీ ఇరవై ఏళ్లు దాటిన ఉద్యోగమే. రెడ్డెమ్మ తన గుబులంతా చెప్పుకుంది. జైతున్‌బీ చెత్త సంచి మూతి ముడివేస్తూ విని, చాలా తేలికగా తేల్చింది.

"పోకుండా ఆపాలంటే అంత ఆలోచనేముండాది మే? పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళమెయ్. మనల్ని ఇన్నేండ్లూ ఆపింది అదే గదా."

జైతున్‌బీ వేళాకోళానికే అంది. రెడ్డెమ్మ మాత్రం చెత్త డబ్బా పక్కన చాలాసేపు అలాగే నిలబడిపోయింది. నిజమే. ఆమె పాస్‌పోర్టు మామా బీరువాలో ఎడమవైపు అరలో ఉంటుంది. ఇరవై నాలుగేళ్లలో ఐదుసార్లు ఆమె చేతికి వచ్చింది, ఐదుసార్లూ విమానాశ్రయంలోనే. మామా చెడ్డది కాదు. పోతుందేమోనన్న భయంతో దాచింది. మనిషి మీద అక్కర ఉంటేనే కదా ఎవరైనా దాచేది. అలా చూస్తే ఇందులో తప్పేముందో రెడ్డెమ్మకు ఎంత వెతికినా దొరకలేదు.

సాయంత్రం దలాల్ స్నానానికి వెళ్లింది. కాగితాల సంచి మంచం మీద ఉంది. అందులోంచి రెడ్డెమ్మ పాస్‌పోర్టు ఒక్కటే తీసుకుంది. ఇరవై ఎనిమిదో తేదీ దాటిపోగానే సోఫా వెనకాల దొరికినట్టు చేయాలన్నది ఆమె ఆలోచన. తన గదిలో మూత తీసిన పెద్ద పాలపొడి డబ్బా ఒకటి ఉంది. పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవరులో చుట్టి, పొడి లోపలికి నిలువుగా దించి, పైన పొడి సర్ది, మూత పెట్టి, మూత చుట్టూ టేపు అంటించి మంచం కింద పెట్టింది. అక్కడ అట్టపెట్టె ఒకటి ఆరు నెలలుగా నిండుతోంది. రాయచోటిలో ఉన్న కూతురికి పంపేది అది. ఆదివారం ఊరికి పోతున్న గురప్ప దాన్ని తీసుకెళతానన్నాడు. పెట్టె నాలుగు పక్కలా "వెంకటేశ్వరి, రాయచోటి" అని రెడ్డెమ్మ తానే రాసుకుంది. బడి మొహం చూడని రెడ్డెమ్మ, తెలుగువాళ్లంతా ఉండే అబ్బాసియాలో ఇలాంటి పెట్టెల మీది పేర్లు చదువుతూ చదువుతూ అక్షరాలు పట్టుకుంది. అందుకే ఆమెకు అందరి ఊళ్లూ తెలుసు.

బుధవారం పదింటికి మామా రెడ్డెమ్మను వెంటబెట్టుకుని కూరగాయలకు బయలుదేరింది. డ్రైవరు లాల్ బాషా ఇద్దరినీ దుకాణం దగ్గర దింపి, గంటలో వస్తానని వెళ్లాడు. గంట దాటి పది నిమిషాలకు చెమటలు కక్కుతూ వచ్చాడు. అతనిది కడప. మంచి మనిషి. సాయం అడిగితే చేస్తాడు, అడగకపోయినా చేస్తాడు.

బండి కదిలాక, ముందు సీట్లో కూర్చున్న రెడ్డెమ్మతో మెల్లగా అన్నాడు. "అక్కా, నీ పనైపోయింది. గురప్ప టికెట్టు ఈ పొద్దుకే మారిందంట. ఫోన్ చేసినాడు. ఇంటికి పోయి నీ పెట్టె ఏర్‌పోర్టుకు తీసకపోయి ఇచ్చేసి వచ్చినా."

"ఆ పెట్టె ఇంగా కట్టల్యా కదబ్బీ."

"నేనే తాడేసి కట్టినా. ముప్పై కిలోలకు కిలోన్నర తక్కువుండాది. ఖాళీగా పోతే ఎట్లా అని, పక్కన పాలపొడి డబ్బా ఉంటే అది పెట్టినా. సరిగ్గా ముప్పై. ముల్లు ఇట్ల కదల్లేదు."

విమానంలో పోయే పెట్టెలో కిలోన్నర ఖాళీ వదిలేసే మనిషి అబ్బాసియా మొత్తంలో దొరకడు. తానే అయినా అదే చేసేదాన్నని రెడ్డెమ్మకు తెలుసు. అందుకే అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా రోడ్డు కేసి చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది దీనికి?" అని వెనక సీట్లోంచి మామా అరబ్బీలో అడిగింది. "ముఖం అలా అయిందేం?"

"సంతోషం మామా," అన్నాడు లాల్ బాషా. "సామాను ఇంటికి పోతోంది కదా."

ఇంటికి రాగానే రెడ్డెమ్మ వంటింటి తలుపు మూసుకుని గురప్పకు ఫోన్ చేసింది. అతను విమానం మెట్ల దగ్గరున్నాడు.

"పెట్టె లోపలికి పోయింది వదినా. ఎందుకు?"

"దాంట్లో నా పాలపొడి డబ్బా ఉండాది."

"పాలపొడే గదా. నేనేం తాగనులే. బద్రంగా ఇస్తా." ఫోన్ ఆగిపోయింది.

యూరపు తిరగాల్సిన పాస్‌పోర్టు ఆ విధంగా చెన్నై మీదుగా రాయచోటికి బయలుదేరింది. రెడ్డెమ్మ చేపల్ని రెండుసార్లు కడిగి, ఉప్పు మూడుసార్లు వేసింది. ఎవరికీ తెలియలేదు. ఆ ఇంట్లో ఆ వారం అందరి మనసులూ వేరేచోట ఉన్నాయి.

గురువారం ఉదయం కార్గోవాళ్ల లారీ వచ్చింది. బండి లారీ ఎక్కింది. సంచీ పెట్టెలూ ఎక్కాయి. సంతకం పెట్టించుకునే మనిషి అసలు పాస్‌పోర్టు చూపించమన్నాడు. దలాల్ కాగితాల సంచి తెరిచింది. మళ్లీ తెరిచింది. నేల మీద గుమ్మరించింది. ఆఖరికి ఆ మనిషి నకలు చూసి, జాలిపడి సంతకం తీసుకుని బండిని పట్టుకుపోయాడు. బండి యూరపు పోయింది. పోవలసిన మనిషి హాల్లో మోకాళ్ల మీద కూర్చుని సోఫా కింద చూస్తోంది.

దలాల్ తిన్నగా తల్లి గదికి వెళ్లింది. ఈ ప్రయాణం వద్దని మొదటినుంచీ అన్నది తల్లే. అనుమానం ఎవరిమీదికి పోవాలో దానికి వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

"నా పాస్‌పోర్టు ఇచ్చేయి అమ్మా."

"నా దగ్గర లేదు."

"బీరువా తాళం ఇవ్వు."

మామా కూతురి ముఖం చూసి, మెడలోని తాళం తీసి ఇచ్చింది. బీరువాలో ఎడమవైపు అరలో పాస్‌పోర్టు ఒకటి ఉంది. దలాల్ గబుక్కున తెరిచింది. అందులోంచి ఆరేళ్ల కిందటి రెడ్డెమ్మ చూసింది. దాని కింద గుడ్డ మూట ఒకటి ఉంది. విప్పితే మోటార్‌సైకిల్ రెండో తాళంచెవి, దలాల్ నెల రోజులుగా వెతుకుతున్న డ్రైవింగ్ లైసెన్సు, హెల్మెట్టు పట్టీ బయటపడ్డాయి.

దలాల్ మూడింటినీ మంచం మీద వరసగా పెట్టింది.

"ఇవి దాచాను," అంది మామా, చాలా హుందాగా. "పాస్‌పోర్టు దాచలేదు. నాకు అంత దూరం తోచలేదు."

అక్కడితో తల్లీకూతుళ్ల మధ్య పోరు మొదలైంది. అది మధ్యాహ్నం దాకా నడిచింది. దలాల్ తండ్రి పేరెత్తింది. మామా ఏడ్చింది. ఏడుపు మధ్యలో తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన పోలీసుల్లో పనిచేసి రిటైరైన మనిషి. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు. ఈ మూడు రోజుల్లో ఇంట్లోంచి బయటికి పోయిన వస్తువేదైనా ఉందా అని. కాపలావాడిని పిలిచి అడిగారు. బుధవారం ఎవరూ లేనప్పుడు డ్రైవరు తాళం తీసుకుని లోపలికి వెళ్లి, తాడు కట్టిన పెద్ద అట్టపెట్టె మోసుకుపోయాడని చెప్పాడు.

"ఖలాస్," అంది ఫోన్లోంచి తమ్ముడి గొంతు. "వాణ్ణి స్టేషనుకు తీసుకుపోతాను. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి ఊరికి పంపించేద్దాం."

లాల్ బాషాను హాల్లోకి పిలిచారు. అతను చెప్పులు బయట విడిచి వచ్చి నిలబడ్డాడు. ఏం జరుగుతోందో తెలియక, ఎప్పటిలా సాయం చేయబోయాడు.

"పాస్‌పోర్టా? నేనూ వెతుకుతాను మామా. కారు కింద చూశారా?"

రెడ్డెమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట వింది. లాల్ బాషాకు ముగ్గురు పిల్లలు. పెద్దది నర్సు చదువుతోంది. గ్యాసు ఆర్పి, చేతులు తుడుచుకుని ముందుకు వచ్చి, అరబ్బీలో మొదలుపెట్టింది. మధ్యలో అరబ్బీ చాలలేదు. దలాల్ వైపు తిరిగి తెలుగులో పూర్తి చేసింది. బ్రష్షు దగ్గర్నుంచి కిలోన్నర దాకా అంతా చెప్పింది.

దలాల్ తల్లికి ఒక్కో మాటా అరబ్బీలో చెబుతూ పోయింది. పాలపొడి దగ్గరికి వచ్చేసరికి అరబ్బీ ఆపి రెడ్డెమ్మ వైపు తిరిగింది.

"ఎందుకు చేసినావు మే?"

"నేను సర్దిన సంచి తీసకపోయినోల్లు మల్లా రారు. మీ నాయిన రాల్యా. మా ఆయన రాల్యా."

"మరి నువ్వు మీ ఇంటికాడి నుంచి వచ్చేటప్పుడు నీ సంచి ఎవురు సర్దినారు?"

రెడ్డెమ్మ తుడుచుకున్న చేతుల్నే మళ్లీ పైటకు తుడుచుకుంది. "నేనే సర్దుకున్యా," అంది.

ఆరోజు వెంకటేశ్వరికి తొమ్మిదేళ్లు. రెండేళ్లలో వస్తానని చెప్పి, సంచి తాడు ఆ పిల్లతోనే పట్టించి బిగించింది. ఆ తర్వాత ఐదుసార్లు ఊరికి వెళ్లింది నిజమే. ప్రతిసారీ చేతిలో వెనక్కి వచ్చే టికెట్టుతోనే వెళ్లింది. ఆఖరిసారి వెళ్లి ఆరేళ్లయింది. మనవడికి ఇప్పుడు నాలుగేళ్లు. వాణ్ణి ఫోన్లోనే చూసింది.

తమ్ముడికి ఏమీ లేదని చెప్పి మామా ఫోను పెట్టేసింది. లాల్ బాషాను టీ తాగి పొమ్మంది. తర్వాత రాయచోటికి ఫోన్ చేశారు. పెట్టె ఆ పొద్దున్నే ఇంటికి చేరింది. డబ్బా సంగతి వెంకటేశ్వరికి చెప్పారు.

"పెట్టె ఇప్పి అందరికీ పంచేసినా మా," అంది వెంకటేశ్వరి. "ఆ డబ్బా మా అత్తకిచ్చినా."

"పోయి తీసకరా మే. తొందరగా."

అరగంటకు వెంకటేశ్వరి మళ్లీ ఫోన్ చేసింది. "అత్త ఇయ్యనంటాంది. కువైట్ డబ్బా పదిమందికీ కనపడేట్టు అల్మారాలో పెట్టుకునిందంట. ఇచ్చింది మల్లా అడిగితే మర్యాదేనా అంటాంది. మీ అమ్మకు కావాలంటే మీ అమ్మే వచ్చి అడగమంటాంది."

కువైట్ నుంచి వచ్చిన డబ్బాను తెరవకుండా అల్మారాలో పెట్టుకోవడం రాయచోటిలో వింతేమీ కాదు. వియ్యపురాలి కోపమూ వింత కాదు. ఆమె మొగుడు పోయినప్పుడు కూడా రెడ్డెమ్మ వెళ్లలేకపోయింది. ఫోను లౌడ్‌స్పీకరులో ఉంది. దలాల్ దగ్గరికి వంగి మాట్లాడింది.

"మే, నేను దలాల్‌ని. నా బండి అప్పుడే పోయింది. కొంచెం సాయం చెయ్యి."

అవతల వెంకటేశ్వరి ఆ యాస విని ఆగింది. "మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడతాండావే."

"ఆమే గదా నేర్పింది."

"ఊ," అంది వెంకటేశ్వరి. "నాకు నేర్పేదానికి టైము ల్యాకపాయ. నేనేం జేసేది, అత్త ఇనదు. మా అమ్మను పంపించు."

మామా వెళ్లి బీరువా తెరిచింది. రెడ్డెమ్మ పాస్‌పోర్టు తెచ్చి, మొదటిసారి ఇంటి హాల్లోనే ఆమె చేతికి ఇచ్చింది. ఆదివారం ఉదయానికి చెన్నై టికెట్టు తీశారు. తిరుగు టికెట్టు మే పదో తేదీకి.

శనివారం సాయంత్రం రెడ్డెమ్మ సంచి తీసి మంచం మీద పెట్టగానే దలాల్ దాన్ని లాక్కుంది.

"నువ్వు ముట్టుకోవద్దు. నువ్వు సర్దినవి రావంటివి గదా. నేను సర్దుతా. అప్పుడు తప్పకుండా వస్తావు."

చీరల్ని మోటార్‌సైకిల్ మీద పోయేవాళ్లలా చుట్టలు చుట్టింది. మందులు ఒక కవరులో, కాగితాలు ఒక కవరులో వేసింది. బ్రష్షు పిడి కోయబోతే రెడ్డెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సంచిలో సగానికి సగం ఖాళీ మిగిలింది.

"ఖాళీగా పోతే ఎట్లా," అంది రెడ్డెమ్మ.

"వచ్చేటప్పుడు నిండుతుందిలే."

ఆదివారం రాత్రికి రెడ్డెమ్మ రాయచోటి చేరింది. కూతురి నెత్తిన తెల్ల వెంట్రుకలు చూసి, ఎవరో పెద్దావిడ తలుపు తీసిందనుకుంది. మనవడు తల్లి వెనక నక్కి, ఈమె ఫోన్లోంచి బయటికి ఎలా వచ్చిందని అడిగాడు.

పొద్దున్నే వియ్యపురాలి ఇంటికి వెళ్లి, గడప దగ్గరే నిలబడి, రాలేకపోయిన అన్నిటికీ క్షమించమని అడిగి, ఆ తర్వాత డబ్బా సంగతి ఎత్తింది. వియ్యపురాలు ఆమెను లోపలికి లాగి కూర్చోబెట్టింది.

"ఏం డబ్బా వదినా? నీ కూతురు నాకిచ్చింది రెండు సబ్బులు. అవి గూడా వాసన లేనివి."

రెడ్డెమ్మ తిరిగి వచ్చేసరికి వెంకటేశ్వరి బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి డబ్బా బయటికి తీస్తోంది. టేపు ఊడి ఉంది. పాస్‌పోర్టు పొడి దులిపి కవరులో పెట్టి ఉంది.

"ఎప్పుడు కనపడింది మే?"

"మీరు ఫోన్ పెట్టేసిన వెంటనే."

"మరి మీ అత్త పేరెందుకు చెప్పినావు?"

వెంకటేశ్వరి డబ్బా గట్టు మీద పెట్టింది. కోపంగా లేదు. ఎప్పటినుంచో లోపల పెట్టుకున్న మాటను చల్లగా తీసి ముందు పెట్టింది. "ఆరేండ్లు పిలిచినా. వాడు పుట్టినాడంటే రాల్యా. నాకు ఆపరేషనంటే రాల్యా. ఆ పాప పాస్‌పోర్టు పిలిస్తే మూడో నాటికొస్తివి. అంతే మా."

రెడ్డెమ్మ వెళ్లి మనవడి పక్కన చాప మీద కూర్చుంది.

రాయచోటి నుంచి కువైట్‌కు పోయేవాళ్లు లేని రోజు ఉండదు. గురువారం మెహరాజ్ అనే అమ్మాయి సెలవు ముగించుకుని బయలుదేరుతుంటే పాస్‌పోర్టు ఆమె చేతికి ఇచ్చారు. శుక్రవారానికి అది జాబ్రియా చేరింది. ఇరవై ఎనిమిదో తేదీన దలాల్ విమానమెక్కింది. ఆ సమయానికి రెడ్డెమ్మ మనవడికి స్నానం చేయిస్తోంది. ఏడాదిగా ఏ ప్రయాణానికి భయపడిందో దాన్ని గుమ్మంలో నిలబడి చూడవలసిన అవసరమే రాలేదు.

మే ఒకటిన ఫోను మోగింది. అవతల గాలి హోరు వినిపిస్తోంది.

"మే, కొండ మీదున్నా. చలిగా ఉందని తొడుగులేసుకుంటే కుడిచెయ్యి మండిపోతాంది. ఏం పెట్టినావు దాంట్లో?"

"కారప్పొడి."

"కండ్లు గూడా తుడుచుకున్యా."

"మంచి నీల్లతో కడుక్కో. పొడి పారేయొద్దు. అన్నంలోకి పనికొస్తాది."

మే తొమ్మిదిన రెడ్డెమ్మ తిరుగు ప్రయాణానికి సంచి కోసం అటక వైపు చూసింది. ముందు పాస్‌పోర్టు తీసి పెట్టుకుందామని దిండు కింద చెయ్యి పెట్టింది. లేదు. చీరల్లో లేదు. కాగితాల కవరులో టికెట్టు ఉంది, పాస్‌పోర్టు లేదు. వంటింట్లో వెంకటేశ్వరి వెనక్కి తిరగకుండా పప్పు తాలింపు వేస్తోంది.

"యాడనో పెట్టింటావులే మా. దొరుకుతాది."

పొయ్యి పక్కన గట్టు మీద పాలపొడి డబ్బా ఉంది. మూత చుట్టూ కొత్త టేపు అంటించి ఉంది. అంటించిన చెయ్యికి అలవాటు లేదు కాబోలు, వంకరగా వచ్చింది. రెడ్డెమ్మ ఆ డబ్బాను చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది. దలాల్ పాస్‌పోర్టు ఉన్నప్పటి కిలోన్నరే మళ్లీ ఉంటుంది. ఊడుతున్న టేపు కొసను బొటనవేలితో నొక్కి, గట్టిగా అంటేలా రుద్ది, డబ్బాను మళ్లీ దాని చోట పెట్టింది. తర్వాత పీట వేసుకుని కూర్చుని కరివేపాకు దూయడం మొదలుపెట్టింది.

సాయంత్రం జాబ్రియాకు ఫోన్ చేసి, పాస్‌పోర్టు కనబడటం లేదని, వెతుకుతున్నానని చెప్పింది.

"బాగా వెతుకు రెడ్డెమ్మా," అంది మామా. "తొందరేం లేదు. నేను కూడా నీది ఇరవై నాలుగేళ్లు దొరకనివ్వలేదు."

ఆ వసంతంలో జాబ్రియా ఇంటినుంచి ఇద్దరు బయలుదేరారు. రెడ్డెమ్మ సర్దిన సంచితో పోయిన దలాల్, 2025 జులై ఇరవై ఆరున తిరిగి వచ్చింది. తప్పకుండా తిరిగి వచ్చేలా దలాల్ సర్దిన సంచితో ఏప్రిల్ ఇరవైన పోయిన రెడ్డెమ్మ రాలేదు.